మూడో నంబరు బావి నీళ్లు

నోయెమి వారాచికి మొదట్లో కంప్యూటరులోని ఆ నల్ల తెర అంటే భయం. తెర మీద బొమ్మలుండవు, నొక్కడానికి మీటలుండవు. ఎడమవైపు పైమూల చిన్న తెల్లగీత ఒకటి ఆరుతూ వెలుగుతూ, నువ్వేం చెబుతావో చెప్పు అన్నట్టు కూర్చుని ఉంటుంది.

సాన్ బ్రూనో పట్నం కాలేజీలో రసాయనశాస్త్రం మూడో ఏడు చదువుతూండగా అందరూ దొక్తోరా అని పిలిచే ప్రొఫెసరు బెత్సబే అరాన్సిబియా ఆమెను తన ప్రయోగశాలలోకి తీసుకుంది. మైదానమంతా చెదురుమదురుగా ఉన్న పల్లెల్లో ఇరవై నాలుగు బావుల నీళ్లు పరీక్షించే పని అది. పాత గనుల పుణ్యమా అని ఆ నేలలో ఆర్సెనిక్ ఉందని అందరూ అనేవారు కానీ, ఏ బావిలో ఎంతుందో ఎవరికీ తెలియదు. నీళ్లు పరీక్షించే యంత్రం ఒక్కో బావికి ఒక్కో ఫైలు ఇచ్చేది. ఒక్కో ఫైల్లో వందల వరుసలు. అంతకు ముందు పనిచేసిన పిల్లలు ఒక్కొక్కటీ తెరిచి, కావలసిన అంకెలు ఏరి, కాగితం మీదికి ఎక్కించేవారు. మూడు రోజులు పట్టేది, కళ్లు పోయేవి.

"అలా చేస్తే నీ చదువు ముగిసేలోపు నా ఉద్యోగం ముగుస్తుంది," అంది దొక్తోరా. "శనివారం శనివారం ఒస్వాల్దో క్లాసు చెప్తాడు. వెళ్లి నేర్చుకో."

ఒస్వాల్దో భౌతికశాస్త్రం ల్యాబు చూసుకునే మనిషి. చెవులు కప్పే ఉన్నిటోపీ క్లాసులో కూడా తీసేవాడు కాదు. మొదటి రోజు ఆయన చెప్పిన మాట నోయెమి గళ్ల నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకుంది. "దీనికి మీ మీద జాలి లేదు, పగా లేదు. మీరు ఏం చెప్పారో అది చేస్తుంది. మీరు ఏం అనుకున్నారో దానికి అక్కర్లేదు."

ముందు ఆ కంప్యూటరులో తాను ఏ ఫోల్డర్లో ఉందో అడగడం నేర్చుకుంది. తర్వాత ఆ ఫోల్డర్లో ఏమేం ఉన్నాయో చూపించమనడం, ఒక ఫైల్లో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టించడం, నాలుగో నిలువు వరుసలోని అంకెలు మాత్రమే ఏరి ఇమ్మనడం. ఒక చుక్క తప్పితే తిట్టినట్టు ఒక వాక్యం వచ్చేది. రెండు నెలలు ఆ తిట్లతోనే గడిచాయి. తల్లి బజారులో అపి అమ్ముతుంది. ఊదారంగు మొక్కజొన్నతో కాచే ఆ వేడి పానీయం గిన్నెల మధ్యనే నోయెమి పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని సాధన చేసేది. తల్లి వంగి చూసి, "ఇంతసేపూ ఆ గోడతో మాట్లాడుతున్నావా?" అనేది.

నక్షత్రం గుర్తు నేర్చుకున్న రోజున మాత్రం ఆమెకు పండగే అయింది. ఫైలు పేరులో నంబరు ఉండాల్సిన చోట ఆ గుర్తు పెడితే 'అన్నీ' అని అర్థం. ఒక్కొక్క బావి పేరూ రాయనక్కర్లేదు. ఒక్కొక్క ఫైలునూ తీసుకుని, సగటు లెక్కగట్టి, ఆ అంకెను కింద చేర్చమని పన్నెండు వరుసల స్క్రిప్టు రాసింది. మీట నొక్కింది. కన్ను మూసి తెరిచేలోగా ఇరవై నాలుగు అంకెలు కిందికి జారాయి.

సరిగ్గా వచ్చాయో లేదో చూడాలి కదా. ఒకటో నంబరు బావి ఫైలు తెరిచి, చేతి కాలిక్యులేటరుతో సగటు తీసింది. నాలుగు పాయింటు ఒకటి. స్క్రిప్టు ఇచ్చిన మొదటి అంకె కూడా అదే. నోయెమి గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆ అంకెల పక్కన బావుల పేర్ల జాబితా వరసగా తెచ్చి అతికించింది. ఒకటో పేరు పక్కన ఒకటో అంకె, రెండో పేరు పక్కన రెండోది.

దొక్తోరా ఆ పట్టిక చూసి, "మూడు రోజుల పని," అని నవ్వి, ఒక చోట వేలు పెట్టింది. పద్దెనిమిదో నంబరు, తోలాపూహో పల్లె బావి. ఆర్సెనిక్ నూట తొంభై. తాగే నీళ్లలో పది దాటకూడదు. మిగతావి చాలావరకు ఫర్వాలేదు.

ఆ అక్టోబరులో నివేదిక మున్సిపాలిటీకి వెళ్లింది. తోలాపూహో బావి చేతిపంపు పీకేసి, మీద సిమెంటు బిళ్ల వేశారు. మూడో నంబరు బావి కల్యూమా పల్లెది. అది శుభ్రంగా ఉందని నివేదికలో ఉంది కాబట్టి, దాన్నుంచి బడికి గొట్టం వేసి, పిల్లల కోసం నాలుగు కుళాయిలు పెట్టారు. కుళాయిలు తిప్పిన రోజు తీసిన ఫొటో దొక్తోరా తన గది గోడకు అంటించుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒస్వాల్దో కొచబాంబా నగరంలో పని దొరికి వెళ్లిపోయాడు. శనివారం క్లాసు నోయెమి చేతికి వచ్చింది.

జూన్ నెల, అక్కడ నడి చలికాలం. గదిలో కూడా నోటివెంట ఆవిరి వస్తోంది. పదిహేనుమంది కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. వ్యవసాయ విభాగం నుంచి వచ్చిన వాల్టెర్ ఆయావిరి వెనక బెంచీలో కూర్చుని ప్రతిదానికీ ఏదో ఒకటి అనేవాడు. అతని దగ్గర ముప్పై మట్టి నమూనాల ఫైళ్లున్నాయి. వాటిని వరసగా చూపించమని కమాండు కొట్టి, చెయ్యి ఎత్తాడు.

"ఓయ్ వారాచి, మీ మిషన్‌కి లెక్కలు రావా? ఒకటి తర్వాత పది అంటోంది. రెండేమో ఎక్కడో కింద పడుంది. మా చిట్టి చెల్లెలు నయం."

అందరూ నవ్వారు. నోయెమి కూడా నవ్వింది.

"అది అంకెలుగా చదవదు వాల్టెర్, అక్షరాలుగా చదువుతుంది," అంది బోర్డు దగ్గరికి వెళ్తూ. "నిఘంటువులో మాటలు పేర్చినట్టు పేరుస్తుంది. ముందు మొదటి గుర్తు చూస్తుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ ముందు. ఒకటి, పది, పదకొండు, పన్నెండు... అలా పంతొమ్మిది దాకా అయ్యాకే రెండు. నక్షత్రం గుర్తు పెట్టినా అదే వరస. కాబట్టి మీరు ఎప్పుడూ..."

చేతిలో సుద్ద బోర్డు మీదే ఆగిపోయింది.

"ఎప్పుడూ ఏంటి?" అన్నాడు వాల్టెర్.

"పది నిమిషాలు బయట తిరిగి రండి," అంది.

వాళ్లు వెళ్లాక పాత ఫోల్డరు తెరిచింది. పన్నెండు వరుసల స్క్రిప్టు ఎక్కడిదక్కడే ఉంది. మధ్యలో ఆ నక్షత్రం. అంకెల పక్కన ఏ ఫైలు నుంచి వచ్చిందో పేరు రాయించలేదు, ఉత్త అంకెలే. పేర్ల జాబితా మాత్రం ఒకటి, రెండు, మూడు అంటూ మనుషుల లెక్కలో ఉంది. నోయెమి వేళ్ల మీద లెక్కపెట్టింది. మొదటి స్థానంలో ఒకటి. తాను సరిచూసింది ఆ ఒక్కటే, అదొక్కటే సరైనది. రెండో స్థానంలో పది, మూడో స్థానంలో పదకొండు. మరి మూడో నంబరు బావి ఎక్కడికి పోయింది? పది నుంచి పంతొమ్మిది దాకా, తర్వాత రెండు, తర్వాత ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా. ఆ తర్వాత మూడు. పద్దెనిమిదో స్థానం.

మూడో బావి ఫైలు తెరిచి అంకెలు చూసింది. నూట ఎనభై ఎనిమిది, నూట తొంభై మూడు, నూట ఎనభై తొమ్మిది. కిందిదాకా అలాగే ఉన్నాయి. కల్యూమా బడి కుళాయిలకు గొట్టం వేసింది ఆ బావి నుంచే.

ఆ రోజు క్లాసు ఎలా ముగించిందో ఆమెకు గుర్తు లేదు. ఆదివారం తల్లి కొట్టు దగ్గర కూర్చుని, స్క్రిప్టు ముట్టుకోకుండా, కాగితం మీద ఇరవై నాలుగు బావుల సగటులూ చేత్తో కట్టింది. ఎక్కడైనా తనే పొరబడ్డానేమో అన్న ఆశ ఒక్కో బావితో కొంత కొంత తగ్గుతూ వచ్చింది. తల్లి పెట్టిన జున్ను పూరీ చల్లారిపోయింది.

"ఒంట్లో బాలేదా?" అంది తల్లి.

"బానే ఉంది."

"బాగుంటే తిను. తినకపోతే బాలేదని ఒప్పుకో."

నోయెమి తినలేదు, ఒప్పుకోలేదు. సోమవారం దొక్తోరా గది దాకా మూడుసార్లు వెళ్లి వెనక్కి వచ్చింది. పట్టిక ఫైలు తన చేతుల్లోనే ఉంది. అంకెలు మార్చి, రెండోసారి పరీక్ష చేస్తే వేరేగా వచ్చిందని చెప్పొచ్చు. భూమిలో నీళ్లు మారుతుంటాయి, ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చిందని తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. కానీ ఆలోచన మాత్రం పోలేదు. మధ్యాహ్నమంతా పక్కనే కూర్చుంది.

మంగళవారం పొద్దున లోపలికి వెళ్లి, కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. కాగితాలు బల్ల మీద పెట్టింది. దొక్తోరా కళ్లజోడు మార్చుకుని, మూడో బావి దగ్గర చాలాసేపు ఆగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"శనివారం, దొక్తోరా."

"ఇవాళ మంగళవారం."

దొక్తోరా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆదివారం బడి లేదు. నిన్న ఉంది. నిన్న వాళ్లు ఆ నీళ్లు తాగారు." దొక్తోరా గొంతు పెంచలేదు. "లెక్క తప్పినందుకు నిన్ను ఏమీ అనను. దాని కింద నా సంతకం ఉంది. ఒక్క ఫైలు నేనూ తెరిచి చూడలేదు, ఎందుకంటే మూడు రోజుల పని క్షణంలో అయిందని మురిసిపోయాను. కానీ నిన్నటి రోజు మాత్రం నీదే."

దొక్తోరా అప్పటికే ఫోను ఎత్తి, కల్యూమా బడి మాస్టారి నంబరు కొడుతోంది. "మాస్టారూ, కుళాయిలు కట్టేయండి. ఇప్పుడే. కారణం వచ్చి చెప్తాం." ఫోను పెట్టేసి, గోడ మీది ఫొటో వంక ఒకసారి చూసి, కోటు తీసుకుంది. "పద. మాట్లాడేది నువ్వే."

కల్యూమాలో ఆ వారం చూన్యో పని, అంటే నిలవకు దుంపలు ఎండబెట్టే పని నడుస్తోంది. మంచుకు బిగిసి, ఎండకు వదిలిన చిట్టి బంగాళాదుంపలను ఆడవాళ్లు వట్టి కాళ్లతో తొక్కి నీరు పిండుతున్నారు. పిక్అప్ బండి ఆగగానే ఒక్కొక్కరే కాళ్లు తుడుచుకుని బడి ఆవరణలోకి వచ్చారు. ఊరి పెద్ద దోన్ సెవెరో పెద్దరికానికి గుర్తుగా ఛాతీ మీద అడ్డంగా కొరడా కట్టుకుని, బుగ్గన కోకా ఆకు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ ఏడు పెద్దరికం ఆయనది.

నోయెమి వాళ్ల ముందుకు వచ్చి నిలబడింది. "లెక్క రాసింది నేను. మీ బావి అంకెను తోలాపూహో పేరు పక్కన పెట్టాను. వేరే బావి అంకె మీ పేరు పక్కన పెట్టాను. మీ బావిలోనే విషం ఉంది. వాళ్ల బావిలో లేదు."

దోన్ సెవెరో ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు.

"పోయినేడు ఒక కాగితం తెచ్చి తాగమన్నారు. తాగాం. ఇప్పుడు ఇంకో కాగితం తెచ్చి తాగొద్దంటున్నారు. వచ్చే ఏడు మూడో కాగితం ఎవరు తెస్తారు ఇంజనీరమ్మా?"

"కాగితం వద్దు, మీ ముందే చేసి చూపిస్తాను," అంది నోయెమి. సంచిలోంచి పరీక్ష సామాను తీసింది. "నీళ్లు మీరే తోడి తెండి."

ఆయన మనవరాలు సీసాలో నీళ్లు పట్టుకొచ్చింది. నోయెమి అందులో పొడులు కలిపి, మూతకు తెల్ల కాగితం ముక్క బిగించి, అరుగు మీద పెట్టింది. నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే ఇరవై నిమిషాల్లో ఆ కాగితం రంగు మారుతుంది. ఊరంతా ఆ సీసా చుట్టూ, శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. కాగితం లేత పసుపుకు తిరిగింది, తర్వాత ముదురు పసుపుకు, చివరికి ఎండిన రొట్టె రంగుకు. పక్కనే, పట్నం నుంచి తెచ్చిన నీళ్లలోనూ అవే పొడులు కలిపి పెట్టిన సీసా మీది కాగితం తెల్లగానే ఉంది. రెండూ ఆమె చేతిలోంచి దోన్ సెవెరో చేతికి, అక్కడి నుంచి ఒకరి తర్వాత ఒకరికి వెళ్లాయి.

ఒక పడుచు గుంపులోంచి ముందుకు వచ్చింది. వీపున రంగుల దుప్పటిలో నెలల పిల్ల ఉంది. "ఇది కడుపులో ఉన్నప్పుడు ఆ నీళ్లే తాగాను. దీనికేమైనా అవుతుందా?"

నోయెమి దొక్తోరా వైపు చూసింది. ఆవిడ చూపు తిప్పుకోలేదు, సాయానికీ రాలేదు.

"తెలీదక్కా," అంది నోయెమి. "ఆస్పత్రి వాళ్లను తీసుకొస్తాం. పిల్లలందరికీ పరీక్షలు చేయిస్తాం. ఇప్పుడు మాత్రం నాకు తెలీదు."

"తెలీదని అప్పుడే చెప్పుంటే అయిపోయేది కదా," అంది ఆ పడుచు. కోపంగా కూడా అనలేదు. వెనక్కి తిరిగి వెళ్లి, దుంపల మీద నిలబడి మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

దోన్ సెవెరో స్వయంగా పానా తెచ్చి, నాలుగు కుళాయిల పిడులూ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

తోలాపూహోకు చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. అక్కడ నాలుగే ఇళ్లు, రెండిళ్లకు అప్పటికే తాళాలు. ఆ బావి తవ్వింది అక్కడ ఒంటరిగా మిగిలిన ముసలావిడ దోన్యా పౌలీనా భర్త. ఆయన పోయి మూడేళ్లయింది. సిమెంటు బిళ్ల వేసినప్పటి నుంచి ఆవిడ గంటసేపు నడిచి, గాడిద మీద నీళ్లు తెచ్చుకుంటోంది. ఉన్ని కోసం పెంచే లామాలకు అన్ని నీళ్లు మోయలేక సగం మందను అమ్మేసింది.

నోయెమి రెండోసారి అదే మాట చెప్పింది. ఈసారి ఇంకా కష్టమైంది. దోన్యా పౌలీనా గుమ్మంలోనే కూర్చుని, చేతిలో ఉన్ని వడుకుతూ అంతా విన్నది. కదురు ఆగింది.

"అంటే నా బావి మంచిదే."

"మంచిదే దోన్యా. మొదటి నుంచీ మంచిదే."

"నా పెనిమిటి కడుపునొప్పితో పోయాడు," అంది ఆవిడ. "మీ కాగితం వచ్చాక ఊళ్లో అన్నారు, ఆ నీళ్లే చంపాయని. ఆయన తవ్విన బావే ఆయన్ని తినేసిందని. మంచంలో ఉన్నప్పుడు ఆ నీళ్లు గ్లాసు గ్లాసూ నోట్లో పోసింది నేను." కదురు ఒళ్లో పెట్టుకుంది. "ఎనిమిది నెలల నుంచీ ఆయనకి విషం పోసింది నేనే అనుకుంటున్నాను. పడుకున్నా అదే, లేచినా అదే. నా కొడుకు కోడల్ని, పిల్లల్ని తీసుకుని పట్నం పోయాడు. అదీ ఆ నీళ్లకి భయపడే."

నోయెమి మోకాళ్ల మీద కూర్చుంది. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చి మరీ చిన్నదిగా కనబడింది. అయినా అడిగింది.

దోన్యా పౌలీనా కదురు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "చలి పెరుగుతోంది, దారి చెడ్డది, బయల్దేరండి," అంది దొక్తోరాతో.

తిరుగు దారంతా దొక్తోరా ఒక్కమాటే మాట్లాడింది. "రేపు పొద్దున మున్సిపాలిటీకి ఉత్తరం రాస్తాను. రెండు పేర్లూ ఉంటాయి. నీ పేరు తీసేయమంటే తీసేస్తాను."

"ఉండనివ్వండి," అంది నోయెమి.

కాలేజీలో విచారణ జరిగింది. దొక్తోరా ప్రయోగశాల పెద్దగా తప్పుకుంది. నోయెమిని ఆరు నెలలు పట్టా కోసం చేసే పరిశోధనకు దూరంగా ఉంచారు. నీళ్లు సేకరించే పని మాత్రం ఆపమని ఎవరూ అనలేదు కాబట్టి ఆమె ఆపలేదు. కల్యూమాకు వారానికి రెండుసార్లు నీళ్ల బండి వచ్చేలా ఒప్పించేసరికి జూలై గడిచింది. ఆస్పత్రి పరీక్షల్లో పదకొండుమంది పిల్లల ఒంట్లో ఆర్సెనిక్ ఎక్కువగా తేలింది. ఆ నీళ్లు మానేస్తే నెమ్మదిగా దిగుతుందనీ, కానీ ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలనీ వైద్యురాలు చెప్పింది. వీపున ఉండే ఆ పసిపిల్ల కూడా ఆ పదకొండుమందిలో ఉంది. నోయెమి ఆ పేర్లన్నీ కాగితం మీద చేత్తో రాసుకుంది. ఒక్కో పేరు పక్కన దాని అంకె తనే రాసి, మళ్లీ పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది.

శనివారం క్లాసు కూడా ఆపలేదు. ఆ స్క్రిప్టునే తెర మీద పెట్టి, ఇందులో తప్పెక్కడుందో వెతకమంది. ఇరవై నిమిషాలకు ఒకమ్మాయి పట్టుకుంది. ఆ తప్పు వల్ల ఏమైందో నోయెమి చెప్పింది. వాల్టెర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సెప్టెంబరులో తోలాపూహో బావి మీది బిళ్ల పగలగొట్టి పంపు మళ్లీ బిగించారు. నోయెమి ఆ వారమే వెళ్లింది. పంపు చుట్టూ లామాలు తాగిన గుర్తులున్నాయి. పశువులు తాగుతున్నాయి కానీ, గుమ్మం పక్కన గంట దూరం నుంచి తెచ్చిన డబ్బాలు నిండుగానే ఉన్నాయి.

"మీరు తాగట్లేదా దోన్యా?"

"నువ్వు తాగు, చూస్తాను," అంది దోన్యా పౌలీనా.

నోయెమి పంపు కొట్టి, దోసిట పట్టి తాగింది. నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. మరోసారి పట్టి మళ్లీ తాగింది. దోన్యా పౌలీనా కదురు తిప్పుతూనే చూసింది.

"ఒక్కసారి తాగితే ఏం తెలుస్తుంది? ఆ విషం ఏళ్లు తాగితే గానీ బయటపడదని మీరే కదా చెప్పారు," అంది. "వచ్చే నెల మళ్లీ రా. ఆపై నెలా రా. పరీక్ష నా ముందు చెయ్యి, నేను చూస్తుండగా రాయి."

"వస్తాను," అంది నోయెమి. సంచిలోంచి సీసా, పొడులు, కాగితం ముక్కలు తీసి ఆవిడ ముందు నేల మీద పరిచింది. దోన్యా పౌలీనా కదురు పక్కన పెట్టి, సీసా తనే తీసుకుని, పంపు దగ్గరికి నడిచింది.